గట్టు దాకా

డెబ్భై ఆరు సార్వా పంటలో నేను మా నాన్న మీద పదకొండు రోజులు పురుగుమందు చల్లాను.

ఇదే సంగతి ఇంకోలా కూడా చెప్పొచ్చు. నేను విమానంలో ఉన్నాను, ఆయన గట్టు మీద జెండా పట్టుకుని నిలబడ్డాడు, గాలి ఎటు తిరిగితే మందు అటు పోతుంది, అందులో ఎవరు మాత్రం ఏం చేస్తారు అని. అప్పట్లో అందరూ అలాగే అన్నారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను.

ఆ ఏడు వరి పొట్టమీద ఉండగా దోమపోటు తగిలింది. పామర్రు, కూచిపూడి వైపు చేలు ఎక్కడికక్కడ గుండ్రంగా మాడిపోయి, పైనుంచి చూస్తే పచ్చ దుప్పటి మీద నిప్పురవ్వలు పడ్డట్టుండేవి. విమానాలతో మందు కొట్టే కాంట్రాక్టు ఒక ప్రైవేటు కంపెనీకి దక్కింది. నేను ఆ కంపెనీలో పైలట్‌ని. ఒక సీటు, ఒక ఇంజను, ముందు మందు ట్యాంకు, దాని వెనక నేను. కొబ్బరిచెట్లు దాటగానే కిందికి దిగి, వరి మీద పదడుగుల ఎత్తున పోతూ మందు వదిలి, అవతల కరెంటు తీగలకి తగలకుండా పైకి లేవాలి. పొద్దున్న గాలి పడిపోయి ఉన్నప్పుడు మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు అదే పని.

సెప్టెంబరు ఆఖర్లో బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ విమానం పడితే అది నడపనివ్వరు. ఒక్కో రకానికి విడిగా శిక్షణ పొంది, లైసెన్సు మీద ఆ రకం పేరు రాయించుకోవాలి. ఎండార్స్‌మెంట్ అంటారు. డిసెంబరులో టర్బోప్రాప్ మీద శిక్షణ ఇస్తామని, నలుగురికే చోటుందని, నవంబరు ఇరవై లోపు ఫీజు డ్రాఫ్టు అందాలని ఆ ఉత్తరం. ఆవ్రోల్లాంటి ప్రయాణికుల విమానాలు నడపాలంటే అదే దారి. నాలాగా చిన్న విమానం లైసెన్సు పట్టుకుని ఖాళీగా తిరిగేవాళ్ళు అప్పుడు దేశంలో వందల మంది.

గుణదలలో మా ఇంటి వసారాలో కూర్చుని నాన్నకి చదివి వినిపించాను. నాన్న పేరు బాలశౌరి. ఏలూరు కాలువ లాకుల దగ్గర ముప్ఫై రెండేళ్ళు లస్కరుగా చేసి రిటైరయ్యాడు. పడవ వస్తే లాకు తలుపులు తీయడం, పోయాక మూయడం ఆయన ఉద్యోగం.

"ఇది చదివితే ఇంక మందు కొట్టక్కర్లేదా?" అంది అమ్మ, బియ్యం ఏరుతూ.

"అక్కర్లేదమ్మా. మనుషులెక్కే విమానం."

"ఉద్యోగం ఇస్తామని రాశారా అందులో?"

"వాళ్ళివ్వరు. ఇది ఉంటే ఇచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగొచ్చు."

"అంటే అంత డబ్బూ పోసేది, అడగడానికా?"

నాన్న నవ్వాడు. "అడిగే యోగ్యత లేకే కదే సంపూర్ణా, నేను అన్నేళ్ళు లాకుల దగ్గర నిలబడింది. వాణ్ణి అడగనియ్."

పోస్టాఫీసులో నాన్న రిటైర్మెంటు డబ్బు ఉంది. అది చాలదు. కంపెనీ సీజను బోనసు కలిస్తే సరిగ్గా సరిపోతుంది. అక్టోబరు నెలాఖరుకి ఎకరాలన్నీ పూర్తయితేనే బోనసు.

పూర్తయ్యేట్టు లేదు. విమానం వరస తప్పకుండా పోవాలంటే చేనుకి రెండు చివర్లా ఇద్దరు మనుషులు తెల్ల జెండాలు పట్టుకుని నిలబడాలి. విమానం ఒక వరస పూర్తిచెయ్యగానే వాళ్ళు పదిహేను అంగలు జరిగి మళ్ళీ నిలబడాలి. వాళ్ళని చూసుకునే నేను వరస పట్టేది. అక్టోబరు మొదటి వారంలో ఒక కూలీకి గట్టు మీదే వాంతులయ్యాయి. మర్నాటి నుంచి పామర్రులో ఎవరూ రానన్నారు. జక్కయ్య అనే అతనొక్కడే మిగిలాడు.

మేనేజరు వెంకటకృష్ణారావు గారు రన్‌వే పక్కన వేసిన కంపెనీ గుడారంలో తల పట్టుకున్నారు. "ఎమర్జెన్సీ రోజులయ్యా జాన్‌బాబూ. ఎకరాలు కాలేదంటే కలెక్టరాఫీసులో నన్ను నిలబెడతారు. ఎక్కడన్నా ఇంకో మనిషిని చూడు. ఎవరైనా ఫర్వాలేదు."

ఆ ఆదివారం ఇంట్లో అన్నం తింటూ ఈ సంగతి చెప్పాను. ఊరికే ఊసు చెప్పినట్టు చెప్పాను. మనిషి దొరక్క పని ఆగిపోయిందని, ఆగితే బోనసు రాదని, ఇంక బొంబాయి సంగతి మర్చిపోవచ్చని.

"జెండా పట్టుకోవడానికేమన్నా చదువు కావాలా?" అన్నాడు నాన్న.

అమ్మ గరిటె ఆపింది. "అరవై దగ్గరపడ్డాయి. ఆ బురదలో నువ్వేం నిలబడతావయ్యా?"

"పడవలకి నిలబడలా? విమానానికీ నిలబడతా. అందులోనూ మనోడి విమానం."

అమ్మ నావైపు చూసింది. వద్దు నాన్నా అని నేనంటానని చూసింది. నేను పెరుగన్నం కలుపుకున్నాను.

సోమవారం నుంచి నాన్న నాతోపాటు గుడారంలోనే ఉంటూ పనిలోకి దిగాడు. పాత ఖాకీ చొక్కా వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, వెదురు కర్రకి కట్టిన జెండా భుజాన పెట్టుకుని గట్టు మీద నడిచి వెళుతుంటే వెంకటకృష్ణారావు గారు, "మిలిటరీ మనిషిలా ఉన్నారయ్యా మీ నాన్నగారు" అన్నారు.

మిగతా కూలీలు విమానం మలుపు తిరిగి తమవైపు రాగానే జెండా దించేసి ముందుకు జరిగేవాళ్ళు. నాన్న అలా కాదు. నేను దాదాపు మీదికొచ్చేదాకా కదిలేవాడు కాదు. నా వరస తప్పుతుందని ఆయన భయం. నేను తలమీద నుంచి లేచిపోతుంటే అప్పుడు మొహం పైకెత్తి చెయ్యి ఊపేవాడు. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి పొగలో జెండా ఒక్కటే కనిపించేది.

రెండోరోజు నుంచి నేను ఒక పని చేశాను. నాన్న నిలబడ్డ గట్టు ముప్ఫై గజాల దూరంలో ఉండగానే మందు కట్టేసేవాణ్ణి. రెండు రోజులు అలాగే చేశాను. నాలుగోరోజు రైతులు వచ్చి గోల చేశారు. గట్ల వెంట మందు పడలేదు, అక్కడి నుంచి దోమ మళ్ళీ లోపలికి పాకుతోంది అని.

"గట్టు దాకా పడాలయ్యా," అన్నారు వెంకటకృష్ణారావు గారు. "పడకపోతే ఆ ఎకరాలు లెక్కలో రాయరు. మళ్ళీ కొట్టాల్సొస్తుంది. నీ బోనసు సంగతి నువ్వే ఆలోచించుకో."

మర్నాటి నుంచి గట్టు దాకా కొట్టాను.

వారం తిరిగేసరికి నాన్నకి ముక్కు కారడం మొదలైంది. పడిశం అన్నాడు. చెమటలు, కడుపులో పోట్లు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పెదవి చివర నుంచి చొంగ కారిపోయేది. సిగ్గుపడి తువ్వాలుతో తుడుచుకునేవాడు. బాగా వెలుతురున్న పొద్దునపూట, "ఏంట్రా జానూ, ఇంకా తెల్లారలేదా?" అని అడిగాడు ఒకరోజు.

మందు కలిపి ట్యాంకులో నింపే నాగుల్ మీరా నన్ను పక్కకి పిలిచాడు. ఈ పనిలో అతను నాకంటే పాతవాడు.

"సార్, పెద్దాయన కళ్ళు చూశారా?"

"ఏమైంది?"

"నల్లపాపలు ఆవగింజంతయ్యాయి సార్. ఇది పడిశం కాదు, మందు పట్టింది. నాలుగు రోజులు ఇంటికాడ కూర్చోబెట్టండి. తేరుకుంటాడు. ఇంకా నిలబడితే మాత్రం నేను చెప్పలేను."

నాలుగు రోజులే పని మిగిలింది.

నాన్న కాలువ ఒడ్డున కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. చెప్పవలసిన మాట ఏమిటో నాకు తెలుసు. "నాన్నా, ఇంటికి వెళ్ళిపో" అనాలి. అంతే, మూడు మాటలు.

"నాన్నా, ఇంకో నాలుగు రోజులు నిలబడగలవా?" అన్నాను.

"నాలుగు రోజులేగా," అన్నాడు. కాళ్ళు కడుక్కోవడం అయిపోయినా చాలాసేపు నీళ్ళలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండోరోజు పొద్దున. కూచిపూడి దగ్గర ఆఖరి చేను. ఏడు వరసలు పడతాయి. మూడు అయ్యాయి. మలుపు తిరిగి నాలుగో వరసకి వస్తుంటే జక్కయ్య జెండా పదిహేను అంగలు జరిగి ఉంది. ఎదురు గట్టు మీద నాన్న జెండా జరగలేదు. కర్ర బురదలో పాతి ఉంది. దాని పక్కన నాన్న కూర్చుని ఉన్నాడు.

గాలి తూర్పు నుంచి వస్తోంది. నేను వరస వరసకీ తూర్పుకి జరుగుతున్నాను. అంటే ఇక చల్లే ప్రతి వరసా నాన్న మీదికే పోతుంది. ఇదంతా నాకు అప్పుడే తెలుసు, తర్వాత ఆలోచించుకున్నది కాదు.

జక్కయ్య జెండాని బట్టి దిక్కు పట్టుకున్నాను. నాన్న జెండా నుంచి పదిహేను అంగలు ఎంతుంటుందో కంటితో కొలుచుకున్నాను. నాలుగో వరస కొట్టాను. అయిదో వరసకి వచ్చేసరికి నాన్న పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. ముప్ఫై అంగలు కొలుచుకున్నాను. ఆరోది. ఏడోది. ఏడోది అయ్యాక ట్యాంకు ఖాళీ.

రన్‌వే మీద దిగి, ఇంజను ఆగకముందే నాగుల్ మీరాని కేకేశాను. "నాన్న పడిపోయాడు! జీపు తీసుకుపో, తొందరగా!"

బెజవాడ ఆసుపత్రిలో రాత్రీ పగలూ గంటగంటకీ విరుగుడుగా అట్రోపిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని జపమాల తిప్పుతూనే ఉంది. రెండోరోజు నాగుల్ మీరా బత్తాయిలు పట్టుకుని వచ్చి అమ్మ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"సార్ చూడబట్టి సరిపోయిందమ్మా. పైనుంచి చూసి, దిగీ దిగకుండానే కేకేశారు. జక్కయ్యకి ఆ చివర నుంచి ఏం కనబడుద్ది? మేమైతే మధ్యాహ్నం దాకా తెలుసుకునేవాళ్ళం కాదు."

అమ్మ లేచి వచ్చి నా తల నిమిరింది. "నీ కళ్ళు చల్లగుండ, నాయనా," అంది.

అయిదోరోజు నాన్న నడిచి ఇంటికొచ్చాడు. నెలాఖరుకి ఎకరాలన్నీ పూర్తయ్యాయని కంపెనీ బోనసు ఇచ్చింది. వెంకటకృష్ణారావు గారు స్వయంగా గుణదల వచ్చి కవరు నాన్న చేతిలో పెట్టారు. నాన్న ఆయన్ని టీ తాగకుండా వెళ్ళనివ్వలేదు.

నవంబరు రెండో వారంలో ఒకరోజు నాన్న చర్చి నుంచి ఒక్క కాలికే చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదన్నాడు. రెండ్రోజులకి పాదాలు ఎత్తలేకపోయాడు. అడుగు వేస్తే పాదం పలకలాగా నేలకి కొట్టుకునేది. తర్వాత మోకాళ్ళు. పిక్కలు చిక్కిపోయి చర్మం వేలాడింది. వారం తిరగకుండా గోడ పట్టుకుని కూడా లేవలేని స్థితికి వచ్చాడు.

బెజవాడ ఆసుపత్రి డాక్టరమ్మ సుత్తిలాంటి దానితో మోకాళ్ళ మీద కొట్టి చూసింది. నన్నూ అమ్మనీ బయటికి పిలిచింది.

"ఈ మందుల్లో కొన్ని ఇలా చేస్తాయి. ప్రాణం నిలిచిందనుకున్నాక నరాలు దెబ్బతింటాయి. వేలూరు తీసుకెళ్ళండి. అక్కడ నరాల డాక్టర్లున్నారు. నెలల తరబడి ఉండాల్సొస్తుంది, ఖర్చవుతుంది."

"నడుస్తాడామ్మా?" అంది అమ్మ.

"అబద్ధం చెప్పను. నేను మాటివ్వలేను. ఇక్కడే ఉంచితే మాత్రం ఇలాగే ఉంటాడు."

ఆ రోజు నవంబరు పదిహేడు. బొంబాయికి డ్రాఫ్టు మర్నాడు పంపకపోతే అందదు.

సాయంత్రం ముగ్గురం వసారాలో కూర్చున్నాం. నాన్నని గోడకి ఆనించి దిండ్లు పెట్టాం. అమ్మే ముందు మాట్లాడింది.

"ఆలోచించడానికేముంది? కాళ్ళు ముందు. ఆ చదువు వచ్చే ఏడన్నా ఉంటుంది."

"వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియదమ్మా," అన్నాను. "ఉన్నా నలుగురిలో నేనుంటానో లేదో."

"వచ్చే ఏడు మీ నాన్న ఉంటాడా?"

"అలా మాట్లాడకే," అన్నాడు నాన్న. "డాక్టరమ్మ గ్యారంటీ ఇవ్వలేదుగా. గ్యారంటీ లేనిదానికి పోసేకంటే..." ఆయాసమొచ్చి ఆగాడు. "వీడిది గ్యారంటీ."

వీడిదీ గ్యారంటీ కాదని అమ్మకి తెలుసు, నాకు తెలుసు.

"నీకేమనిపిస్తోందిరా?" అని నన్నడిగాడు.

మనసులో ఒక మాట ఉంది. పని పూర్తవ్వాలని నాన్న ఎంత కోరుకున్నాడో ఆయన నోటితో చెప్పిస్తే నాకు తేలికవుతుందనిపించింది. అందుకే అడిగాను.

"నాన్నా, ఆ రోజు పడిపోతూ కూడా జెండా పాతావు. పని ఆగకూడదనేగా?"

నాన్న నావైపు తికమకగా చూశాడు.

"పని ఆగకూడదనా? కాదురా. నిలబడే ఓపిక లేకపోయింది. కేకేస్తే నీకు వినబడదు. జెండా జరక్కుండా అక్కడే ఉంటే, ఏదో అయిందని చూసి ఆపుతావు కదా అని పాతాను." నా మొహంలో ఏం కనిపించిందో, వెంటనే సర్దుకున్నాడు. "అంత వేగంలో నీకేం కనబడుద్దిలే. నేను కనపడ్డానా ఏంటి నీకు?"

"లేదు నాన్నా," అన్నాను. "కనబడలేదు."

అమ్మ చేతిలో తమలపాకు ఉంది. దానికి సున్నం రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆగింది. తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని, ఎవరో తెలిసినట్టుందే అని చూస్తామే, అలా చూసింది. కాసేపటికి ఆకు మడిచి నాన్న నోట్లో పెట్టింది.

"కట్టెయ్‌రా జానూ. నా మాట విను," అన్నాడు నాన్న నములుతూ.

అమ్మ ఇంక ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు.

పొద్దున్నే నాన్న చేత పోస్టాఫీసు కాగితం మీద సంతకం పెట్టించాను. చేతివేళ్ళు కూడా వణుకుతుంటే నేనే మణికట్టు పట్టుకున్నాను. డబ్బు తీసి, గవర్నరుపేటలో బ్యాంకుకి వెళ్ళి డ్రాఫ్టు రాయించి, రిజిస్టరు పోస్టులో పంపించి, పన్నెండింటికి ఇంటికొచ్చాను. అమ్మ నాన్నకి ఒళ్ళు తుడుస్తోంది. తుడవడం ఆపకుండానే అడిగింది.

"కట్టి వచ్చారా?"

నాతోపాటు ఎవరన్నా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో నేనొక్కణ్ణే ఉన్నాను.

"కట్టానమ్మా."

"కాళ్ళు కడుక్కోండి. అన్నం పెడతాను."

బొంబాయిలో నాలుగు నెలలు. టర్బోప్రాప్ ఎండార్స్‌మెంట్ వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నర ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత వచ్చింది. నేను ఓడిపోయి ఉంటే ఈ కథ నాకు కాస్త సులువుగా ఉండేదేమో. ఓడిపోలేదు. ఆవ్రోలో కో-పైలట్‌నయ్యాను, తర్వాత కెప్టెన్‌నయ్యాను. గుణదలలో పెంకులు తీసి డాబా వేయించాను. నాన్నకి చక్రాల కుర్చీ కొన్నాను. వేలూరు తీసుకెళ్ళాను కూడా. ఆలస్యమైంది అన్నారు. ముందే వస్తే ఏమయ్యేదో తెలియదని కూడా అన్నారు. ఆయన రెండేళ్ళకి పైగా ఆ కుర్చీలో కూర్చుని, వీధిలో పోయే ప్రతివాడితోనూ మావాడు మనుషుల విమానం నడుపుతాడని చెప్పి, ఎనభై ఒకటిలో పోయాడు. నా మీద ఆయనకి ఏ కోపమూ లేదు. ఏం జరిగిందో ఆయనకి తెలియదు.

యూనిఫారంతో నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ కుర్చీ తుడిచి వేసేది. "రండి. ఎప్పుడు దిగారు? కాఫీ తాగుతారా?" అనేది. నాన్న విసుక్కునేవాడు. "అదేంటే, కన్న కొడుకుని మీరంటావు?"

"పెద్ద ఉద్యోగస్తులు కదా," అనేది అమ్మ.

చుట్టుపక్కల వాళ్ళు దాన్ని మురిపెం అనుకున్నారు. కొడుకంటే ఎంత గౌరవమో చూడండి అని చెప్పుకునేవాళ్ళు. ఒకసారి ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, తిట్టు. కొట్టు. నువ్వు అను" అన్నాను. మెల్లగా చెయ్యి విడిపించుకుని, "పొయ్యి మీద పాలున్నాయండీ" అని లోపలికి వెళ్ళింది.

తొంభై రెండులో ఆమెకి జబ్బు చేసింది. సెలవు పెట్టి ఆసుపత్రిలో మంచం పక్కనే ఉన్నాను. ఆఖరి వారంలో మనుషుల్ని పోల్చుకోవడం కూడా తగ్గింది. నర్సుని తన అక్క శౌరమ్మ అనుకునేది. నాగుల్ మీరా చూడ్డానికొస్తే నాన్న అనుకుని, కాళ్ళు ఎలా ఉన్నాయయ్యా అని అడిగింది. ఒక మధ్యాహ్నం దాహమని సైగ చేసింది. వీపు కింద చెయ్యి వేసి లేవదీసి, గ్లాసు పెదవులకి ఆనించాను. రెండు గుక్కలు తాగి, కళ్ళు తెరిచి నన్ను తేరిపార చూసింది. గుర్తుపట్టింది.

"మీకెందుకండీ శ్రమ," అంది. "నర్సమ్మని పిలవండి."